ఫ్లాట్‌బెడ్డా, వ్యానా? కొత్త ట్రక్ డ్రైవర్ ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా అక్క పెట్టిన పిటిషన్ మీద గ్రీన్ కార్డుతో కుటుంబమంతా డల్లాస్ వచ్చాం. ఇన్నాళ్లూ గ్యాస్ స్టేషన్‌లో పని చేశాను. ఈమధ్యే క్లాస్ ఏ సీడీఎల్, అంటే ట్రైలర్ తగిలించిన పెద్ద ట్రక్కులు నడిపే లైసెన్సు, చేతికొచ్చింది. వయసు 37. రెండు కంపెనీలు రమ్మంటున్నాయి. ఒకటి డ్రై వ్యాన్ (నాలుగు వైపులా మూసిన పెట్టె ట్రైలర్), దేశమంతా తిరగాలి, మూడు వారాలకోసారి ఇల్లు. రెండోది ఫ్లాట్‌బెడ్ (గోడలూ పైకప్పూ లేని బల్లలాంటి ట్రైలర్), మైలుకు ఏడు సెంట్లు ఎక్కువ, శని ఆదివారాలు ఇంటికి పంపుతామంటున్నారు. మా బావ “కొత్తలో వ్యానే సులువు, తలుపులేసి నడుపుకుంటూ పోవడమే” అంటాడు. నాతో ట్రైనింగ్ చేసిన పంజాబీ ఫ్రెండ్ “డబ్బంతా ఫ్లాట్‌బెడ్‌లోనే” అంటాడు. మా నాన్న లారీ డ్రైవర్. లోడు మీద పట్టా కప్పి మోకులు బిగించడం చిన్నప్పటి నుంచీ చూశాను. మా ఆవిడకేమో నేను లోడెక్కి కింద పడతానేమోనని టెన్షన్. ఏది పట్టుకోమంటారు?

సమాధానం: తమ్ముడూ, నువ్వు రాసిన వివరాలను బట్టి నేను ఫ్లాట్‌బెడ్ వైపే మొగ్గుతాను. కాకపోతే ఒక షరతు ఉంది. లోడు కట్టడం ఆ కంపెనీయే నేర్పించాలి. కొన్ని వారాలు ట్రైనర్ పక్కన తిప్పి, గొలుసులూ స్ట్రాపులూ (లోడు కట్టే పట్టీలు) నీ చేతులతోనే వేయించి, ఆ తర్వాతే ఒంటరిగా పంపాలి. “రెండు వీడియోలు చూపిస్తాం, మిగతాది పనిలో పడితే అదే వస్తుంది” అన్నారంటే ఇంకో ఆలోచన లేకుండా వ్యాన్ తీసుకో. మీ బావ చెప్పిన సులువు, మీ ఫ్రెండ్ చెప్పిన డబ్బు, ఈ రెండింటిలో ఏదీ నన్ను ఒప్పించలేదు.

ముందు బావ మాట చూద్దాం. హైవే మీద ఆయన చెప్పింది నిజమే. 53 అడుగుల పెట్టె, లోపల సరుకు, తలుపులకు సీలు. సీలు వేసి తెరవొద్దన్న లోడును దారిలో ఆగి చూడాల్సిన బాధ్యత చట్టం కూడా డ్రైవర్ మీద పెట్టలేదు. కానీ వ్యాన్‌లో కష్టమంతా హైవే దిగాక మొదలవుతుంది. గోడౌన్‌కు వెళ్తావు. అటొక ట్రైలర్, ఇటొక ట్రైలర్, మధ్యలో నీకిచ్చిన డాక్, అంటే ట్రైలర్ వెనక భాగం ఆనించి సరుకు ఎక్కించి దింపే గట్టు. ఎదురుగా నీ ట్రాక్టర్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) తిరగడానికి చాలీచాలని జాగా. వెనకాల ఇంకో నలుగురు డ్రైవర్లు ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని నిన్నే చూస్తుంటారు. స్కూల్లో కోన్‌ల మధ్య నేర్చుకున్న రివర్సుకూ దీనికీ పోలికే లేదు. కొత్తవాళ్ల చేతిలో బండ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇలా నడక వేగంతో వెనక్కి పెట్టేటప్పుడే. పక్క బండి అద్దం విరగ్గొట్టినా, హుడ్ గీసినా అది నీ రికార్డులోకి ఎక్కుతుంది. అనుభవం లేని వాడి రికార్డులో అలాంటివి రెండు మూడు పడ్డాయంటే తర్వాతి ఉద్యోగం కష్టమవుతుంది. ఫ్లాట్‌బెడ్‌లో ఈ డాక్ గొడవ బాగా తక్కువ. స్టీల్ మిల్లు అయినా, కలప యార్డు అయినా చాలాచోట్ల నేరుగా లోపలికి పోనిచ్చి ఆపితే ఫోర్క్‌లిఫ్టో క్రేనో వచ్చి పక్క నుంచో పై నుంచో లోడు పెట్టేస్తుంది. అలాగని రివర్సు అసలే ఉండదనుకోకు. రాత్రి ట్రక్‌స్టాప్‌లో పార్కింగ్ ఏ ట్రైలర్‌కైనా ఒకటే. ఇల్లు కట్టే సైటులో బురద రోడ్డు చివర ఇరుక్కున్నావంటే డాకే నయమనిపిస్తుంది.

వ్యాన్‌లో రెండో సంగతి ఎదురుచూపు. దీన్ని రిక్రూటర్లు చెప్పరు. నువ్వు ఉదయం డ్యూటీ ఎక్కగానే 14 గంటల గడియారం తిరగడం మొదలవుతుంది. అందులో నడపడానికి 11 గంటలు. ఆ తర్వాత వరసగా 10 గంటల విశ్రాంతి. కిరాణా గోడౌన్‌లో అపాయింట్‌మెంట్ రాత్రి రెండింటికి ఇస్తారు, తీరా పిలిచేది ఆరింటికి. ఆ నాలుగు గంటలూ మామూలుగా నీ 14లోనే కరిగిపోతాయి. స్లీపర్‌లో (క్యాబిన్ వెనక ఉండే పడకలో) పడుకున్న సమయాన్ని విడగొట్టి ఆ గడియారాన్ని కొంత కాపాడుకునే నియమం ఒకటుంది, దాన్ని మాత్రం మొదటి నెలలోనే ట్రైనర్ దగ్గర బాగా నేర్చుకో. ఎదురుచూసినందుకు డిటెన్షన్ డబ్బులు సాధారణంగా రెండు గంటలు దాటాకే మొదలవుతాయి, అందులో నీ చేతికి ఎంత వస్తుందో కంపెనీని బట్టి ఉంటుంది. పగలూ రాత్రీ తారుమారవడం వ్యాన్‌లో మామూలు. ఇవాళ తెల్లవారుజామున డెలివరీ, రేపు అర్ధరాత్రి పికప్. నాకు తెలిసిన చాలామంది వ్యాన్ డ్రైవర్లకు పని కన్నా ఈ నిద్ర గొడవే ఎక్కువ బాధ. ఒక మినహాయింపు ఉంది. డ్రాప్ అండ్ హుక్ ఎక్కువగా ఉండే కంపెనీల్లో నిండు ట్రైలర్ వదిలేసి ఇంకోటి తగిలించుకుని వచ్చేయడమే, డాక్ దగ్గర కూర్చునే పనుండదు. వ్యాన్ తీసుకునే పనైతే అలాంటి పనే వెతుక్కో.

గాలి సంగతి కూడా బావకు చెప్పు. ఖాళీ వ్యాన్ ట్రైలర్‌తో శీతాకాలంలో వయోమింగ్ రాష్ట్రంలో ఐ-80 హైవే మీద వెళ్లడమంటే ఏమిటో, తేలికగా ఉన్న ఎత్తు బండ్లను ఆ రోడ్డు మీదికి రానివ్వకుండా ఎందుకు ఆపుతారో ఒకసారి వెళ్తే అర్థమవుతుంది. ఖాళీ ఫ్లాట్‌బెడ్‌కు గాలి అంతగా పట్టదు.

ఇక డబ్బు. మైలుకు ఏడు సెంట్లు ఎక్కువన్నావు. ఉదాహరణకు లెక్క చూద్దాం. వ్యాన్‌లో మైలుకు 55 సెంట్లు, వారానికి 2,500 మైళ్లు అనుకుంటే 1,375 డాలర్లు. ఫ్లాట్‌బెడ్‌లో 62 సెంట్లు, కానీ లోడు కట్టడం, టార్ప్ (లోడు మీద కప్పే పట్టా) కప్పడం, వారాంతం ఇల్లు అన్నీ పోగా 2,000 మైళ్లే వచ్చాయనుకో, 1,240 డాలర్లు. ఎక్కువ రేటు తక్కువ జీతమైంది. అందుకే మైలు రేటు అడగడం మానేసి, “నాలాగా మొదటి ఏడాదిలో ఉన్న మీ డ్రైవర్‌కు మొన్న నెల నాలుగు వారాల్లో చేతికెంత వచ్చింది?” అని అడుగు. టార్ప్ కప్పినందుకు లోడుకు ఇంతని విడిగా ఇస్తారా, లేక రేటులోనే కలిపేశారా అన్నదీ తేల్చుకో. కొన్ని ఫ్లాట్‌బెడ్ కంపెనీలు మైళ్ల లెక్క వదిలేసి లోడు ఆదాయంలో వాటా ఇస్తాయి. బాగున్న రోజుల్లో అది లాభమే, ఫ్రైట్ రేట్లు పడిపోయినప్పుడు ఆ దెబ్బ నేరుగా నీకే తగులుతుంది.

సరే, డబ్బు నన్ను ఒప్పించలేదు, రివర్సు ఒక్కటే కారణం కాదు. మరి ఫ్లాట్‌బెడ్ అని ఎందుకంటున్నాను? శని ఆదివారాల కోసం. ఫ్లాట్‌బెడ్ సరుకు ఎక్కువగా ఇనుము, కలప, జిప్సం బోర్డు, పైకప్పుల మీద పరిచే షింగిల్స్, యంత్రాలు. వాటిని దింపుకునే సైట్లు, యార్డులు చాలావరకు సోమవారం నుంచి శుక్రవారం దాకానే, అదీ పగటిపూటే పనిచేస్తాయి. కిరాణా గోడౌన్‌కు ఆదివారమైనా సెలవుండదు. కాబట్టి నిన్ను వారాంతం ఇంటికి పంపడం ఫ్లాట్‌బెడ్ కంపెనీకి దయ చూపడమేమీ కాదు, ఆ రెండు రోజులు వాళ్లకూ పెద్దగా పని ఉండదు. పైగా నువ్వుండేది డల్లాస్. చుట్టూ ఇళ్లు, గోడౌన్లు లేస్తూనే ఉన్నాయి. దక్షిణాన కాస్త దూరంలో మిడ్లోథియన్‌లో స్టీల్ మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. టెక్సాస్, ఓక్లహోమా, లూసియానా, ఆర్కాన్సా చుట్టూ తిరిగే పని దొరకడం అక్కడ కష్టం కాదు. పిల్లలున్న ఇంటికి మూడు వారాలకోసారి వచ్చేవాడి బతుకు ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. వారాంతం అంటే ఎన్ని గంటలో మాత్రం ముందే అడుగు. శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం బయల్దేరడం ఒకటి, శనివారం మధ్యాహ్నం వచ్చి ఆదివారం పొద్దున్నే వెళ్లిపోవడం ఇంకోటి. వరసగా 34 గంటలు డ్యూటీ లేకుండా ఉంటే నీ డ్యూటీ లెక్క (ఎనిమిది రోజుల్లో 70 గంటలు) మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కనీసం అన్ని గంటలైనా ఇంట్లో గడిచేలా మాట్లాడుకో.

నాన్న దగ్గర చూసింది పనికొస్తుందా అంటే, కన్ను పనికొస్తుంది. లోడు ఎటు ఒరుగుతోంది, ఏ మూల వదులుగా ఉంది అన్నది చూడగానే పట్టేసే కన్ను అలా చూస్తూ పెరిగితేనే వస్తుంది. చెయ్యి మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. అక్కడ లోడు ఎత్తడానికి హమాలీలు ఉంటారు, పట్టా రెండో కొస పట్టుకోవడానికి క్లీనర్ ఉంటాడు. ఇక్కడ అన్నీ నువ్వే. పైగా “గట్టిగానే కట్టాను” అంటే ఇక్కడ కుదరదు. అంతా లెక్క.

ఆ లెక్క కొంచెం చూపిస్తాను, నీకు నచ్చుతుందో లేదో ఇప్పుడే తేలిపోతుంది. 44,000 పౌండ్ల రీబార్, అంటే మనం ఇంటి స్లాబులకు వాడే ఇనుప చువ్వలు, 40 అడుగుల పొడవు కట్టలు ఎక్కించారనుకో. కట్టిన స్ట్రాపులు లేదా గొలుసుల సామర్థ్యం మొత్తం కలిపి కనీసం సరుకు బరువులో సగం ఉండాలి, అంటే 22,000 పౌండ్లు. నాలుగు అంగుళాల స్ట్రాప్ ఒక్కటి మామూలుగా 5,400 పౌండ్లకు లెక్క. నాలుగు వేస్తే 21,600 అవుతుంది, చాలదు. ఐదు కావాలి. గ్రేడ్ 70 రకం 3/8 అంగుళాల గొలుసైతే 6,600 పౌండ్లు, నాలుగుతో బరువు లెక్క సరిపోతుంది. కానీ పొడవు లెక్క విడిగా ఉంది. సరుకు ముందుకు జరగకుండా ఆపే అడ్డు లేకపోతే మొదటి పది అడుగులకు రెండు, ఆ తర్వాత ప్రతి పది అడుగులకు ఒకటి. 40 అడుగులకు ఐదు. రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అదే పాటించాలి, కాబట్టి గొలుసులతో కట్టినా ఐదే. ఇది కనీసం మాత్రమే. అనుభవమున్న డ్రైవర్ ఎవరూ ఆ లోడును ఐదుతో వదలడు, ఏడో ఎనిమిదో వేస్తాడు. హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆ చువ్వలు వచ్చేది నీ క్యాబిన్ వైపే.

కట్టాక బయల్దేరితే 50 మైళ్ల లోపే ఆగి మళ్లీ చూడాలి. ఆ తర్వాత 150 మైళ్లకో, మూడు గంటలకో, డ్యూటీ స్టేటస్ (నడపడం, ఇతర పని, విశ్రాంతి) మారినప్పుడో, ఏది ముందొస్తే అప్పుడు. కలప, చువ్వలు దారిలో సర్దుకుంటాయి, స్ట్రాపులు వదులవుతాయి. వాన పడుతున్నా దిగి చూడాల్సిందే. అమెరికాలో లోడు జారితే బాధ్యుల్లో కంపెనీ పేరుతో పాటు డ్రైవర్ పేరూ వస్తుంది. ఈ పని చదువుతుంటేనే విసుగొస్తే వ్యానే నీకు సరైనది, అందులో చిన్నతనమేమీ లేదు. చదువుతూ ఉంటే ఆసక్తిగా అనిపిస్తే మాత్రం నువ్వు ఫ్లాట్‌బెడ్ మనిషివే.

ఇక మా మరదలి టెన్షన్ గురించి. ఆవిడ భయం తీసిపారేయాల్సింది కాదు. ఫ్లాట్‌బెడ్ డ్రైవర్లు దెబ్బలు తినేది రోడ్డు మీదికన్నా బండి చుట్టూ పని చేసేటప్పుడే. లోడు మీద నుంచి పడటం అందులో పెద్దది. ట్రైలర్ డెక్కే నేల నుంచి దాదాపు ఐదడుగులు, దాని మీద లోడు ఇంకో ఎనిమిది అడుగులు ఉండొచ్చు. లంబర్ టార్ప్ (కలప లోడు కప్పే పెద్ద పట్టా) చుట్ట ఒక్కోటి అటూఇటూగా 100 పౌండ్లు, అంటే 45 కిలోలు. దాన్ని భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కితే ఎవరు మెచ్చుకుంటారు? ఫోర్క్‌లిఫ్ట్ వాణ్ణి మర్యాదగా అడిగితే చుట్టను లోడు మీద పెట్టేస్తాడు. టార్ప్ కప్పడానికి ప్రత్యేకంగా షెడ్డు, పడకుండా పట్టే బెల్టు ఏర్పాట్లు చాలా మిల్లుల్లో ఉంటాయి. వరసలో ఆగాల్సి వచ్చినా అక్కడే కప్పుకో. తడిసిన టార్ప్ మీద నడవకు. గాలి గట్టిగా ఉన్నప్పుడు మధ్యలో విప్పి నెమ్మదిగా పరుచు, ముందు గాలొచ్చే వైపు బంజీలు (కొక్కేలున్న రబ్బరు తాళ్లు) తగిలించు, లేకపోతే తెరచాపలా లేచి నిన్నూ తీసుకుపోతుంది. టార్ప్ పైకి ఎక్కకుండానే చాలా లోడ్లు కప్పొచ్చు, ట్రైనర్‌ను అడిగి ఆ పద్ధతి నేర్చుకో.

రెండోది వించ్ బార్. స్ట్రాప్ బిగించేటప్పుడు ఆ ఇనుప కడ్డీ జారితే పళ్లు రాలతాయి, లేదా బరువంతా దాని మీద వేసినవాడు బోర్లా పడతాడు. ముఖం దాని దారిలో పెట్టొద్దు. గొలుసులను బిగించే సాధనాలను బైండర్లంటారు. పాతకాలం స్నాప్ బైండర్లు ఇస్తే మార్చమను, వదిలేటప్పుడు ఆ పిడి ఎగిరి తంతుంది. రాచెట్ బైండర్లు నిదానం, కానీ నీ దవడ నీకు దక్కుతుంది. భుజం కీలుకో, నడుముకో ఇప్పటికే ఏదైనా ఇబ్బంది ఉందో లేదో నువ్వు ఉత్తరంలో రాయలేదు. ఉంటే మాత్రం నా సలహా మొత్తం తిరగేసి చదువుకో, వ్యాన్‌కు వెళ్లు.

మన వాళ్లకు బీపీ, షుగరు త్వరగా పలకరిస్తాయి కాబట్టి ఇంకో మాట. డీఓటీ (రవాణా శాఖ) నియమాల ప్రకారం డ్రైవర్ దగ్గర ఉండాల్సిన మెడికల్ కార్డు గరిష్ఠంగా రెండేళ్లకిస్తారు, బీపీ 140/90 లోపు ఉంటేనే ఆ రెండేళ్లు. రోజంతా కూర్చుని నడిపి, రాత్రి బర్గర్ తిని పడుకునే వ్యాన్ జీవితం ఈ కార్డుకు మంచిది కాదు. ఫ్లాట్‌బెడ్ ఒంట్లో చెమట పట్టిస్తుంది. ఏ బండైనా సరే, ట్రక్‌లో ఇన్వర్టర్ ఎంత వాట్లు ఇస్తుందో, సొంతది పెట్టుకోనిస్తారో లేదో కనుక్కుని చిన్న రైస్ కుక్కర్ ఒకటి కొనుక్కో. అన్నం, పెరుగు, పచ్చడి ఉంటే చాలు అనుకునేవాడికి ట్రక్‌స్టాప్ ఖర్చు సగానికి పడిపోతుంది.

ఇంగ్లిష్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. డ్రైవర్ ఇంగ్లిష్ మాట్లాడగలగాలి, రోడ్డు బోర్డులు చదవగలగాలి అన్న నియమం ఎప్పటి నుంచో ఉంది. 2025 జూన్ 25 నుంచి అది రానివాళ్లను రోడ్డు పక్కనే డ్యూటీ నుంచి దింపేస్తున్నారు. గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ మీద పని చేసినవాడివి కాబట్టి నీకు భయం లేదనుకుంటాను. ఫ్లాట్‌బెడ్‌లో ఆ ఇంగ్లిష్ ఇంకో రకంగా అక్కరకొస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ తనకు తోచినట్టు బరువంతా వెనకకు పెట్టేస్తుంటే “ఆపు, ఇది రెండడుగులు ముందుకు జరుపు” అని గట్టిగా చెప్పాల్సింది నువ్వే. బండి మొత్తం 80,000 పౌండ్లు దాటకూడదు, మామూలు జంట ఇరుసుల మీద 34,000 దాటకూడదు. తప్పుగా పెట్టింది వాడైనా, తూకం దగ్గర ఫైను కట్టేది నువ్వే. వ్యాన్‌లో అయితే వెనక చక్రాల వరసను ముందుకూ వెనక్కూ జరిపి కొంత సర్దుకోవచ్చు. చాలా ఫ్లాట్‌బెడ్‌లలో ఆ వీలు ఉండదు, లోడు పెట్టేటప్పుడే సరిచూసుకోవాలి.

కంపెనీల సంగతి. అనుభవం లేనివాళ్లను తీసుకుని లోడు కట్టడం నేర్పే ఫ్లాట్‌బెడ్ కంపెనీల్లో మేవరిక్, టీఎంసీ, మెల్టన్ పేర్లు డ్రైవర్ల నోట ఎక్కువగా వినిపిస్తాయి. నీకు ఆఫర్ ఇచ్చింది ఎవరో నువ్వు రాయలేదు. చిన్నదైనా ఫర్వాలేదు, ఈ సంగతులు అడిగి తెలుసుకో: శిక్షణ ఎన్ని వారాలు, ఆ వారాల్లో జీతమెంత, ట్రైనర్‌కు ఫ్లాట్‌బెడ్‌లో ఎంత అనుభవం ఉంది, మొదటి నెలల్లోనే స్టీల్ కాయిల్స్ (ఉక్కు రేకు చుట్టలు) ఇస్తారా. ఒక్కో కాయిల్ 40,000 పౌండ్లు దాకా ఉండొచ్చు, గుండ్రంగా ఉంటుంది, దొర్లుతుంది. కొత్తవాడికి మొదటి వారంలోనే అది అప్పగించే కంపెనీ నుంచి దూరంగా ఉండు. గొలుసులు, స్ట్రాపులు, టార్పులు కంపెనీ ఇస్తుందా, పాడైతే నీ జీతంలో కోస్తారా అన్నదీ అడుగు.

వారం వారం కిస్తీ కడితే చివరికి ట్రక్ నీదే అవుతుందంటూ లీజ్-పర్చేజ్ కాగితం ముందు పెడితే మొదటి ఏడాది సంతకం చేయకు. లోడు దొరకని వారమూ ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు. అలాగే సీడీఎల్ శిక్షణ ఫీజు మేమే కట్టేస్తామన్న కంపెనీ అయితే ఎన్ని నెలలు వాళ్ల దగ్గరే చేయాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి అన్నది ఒప్పందంలో రాసే ఉంటుంది. ఓరియంటేషన్‌కు వెళ్లక ముందే ఆ పేజీ ఈమెయిల్‌లో తెప్పించుకుని, మీ అక్కనూ కూర్చోబెట్టుకుని చదువు.